తూకానికి సీసం

ఓమియో, విక్టోరియా
ఏప్రిల్ 20, 1994

గ్లెనిస్ వదినకు,

ఫోను చేయకుండా ఉత్తరం రాశాడేమిటా అని కంగారు పడకు. మా ఫోను వంటింటి గోడకుంది, వంటింట్లో మీ చెల్లి నొలీన్ ఉంది. ఆవిడ చెవిన పడకూడని మాటలివి.

ఈస్టర్ సెలవులకి మనుషులన్నవాళ్లు ఏం చేస్తారు? చేపలకి పోతారు. పెరట్లో కూర్చుని బీరు తాగుతారు. నేను బండి వేసుకుని మట్టిరోడ్ల మీద కొండ చుట్టూ తిరిగాను. పరుగు పోటీలో మీ చెల్లి కొండకి ఈ పక్క ఎక్కి ఆ పక్క దిగుతుంది. దిగే చోటికి నేను ముందే చేరి, ఉప్పద్దిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఒక చేత్తో, గ్యాసు పోయిన లెమనేడు ఒక చేత్తో పట్టుకుని నిలబడాలి. గ్యాసుంటే కడుపుబ్బుతుందట. అందుకని ముందు రోజంతా సీసాలు మూత తీసి గిలకొడుతూ కూర్చోవాలి. ట్రాక్టర్లు బాగుచేసే మనిషిని, నాకు దక్కిన ఉద్యోగం చూడు.

ఆవిడ వస్తుంది. పలకరింపు లేదు, మొహం చూడటం లేదు. బండి వెనకాల కూలబడి కాళ్లు తీసి నా ఒళ్లో పెడుతుంది. బొబ్బలు సూదితో పొడిచి, వాజిలైన్ రాసి, పట్టీ వేసి, మేజోళ్లు మార్చాలి. “చేతులు పడిపోయాయా క్లెమ్, అంత నిదానమేంటి?” అని తిట్లు తినాలి. తిట్టడం అయ్యాక ఒక దుంప నోట్లో కుక్కుకుని మళ్లీ అడవిలో పడుతుంది. నేను ఊడిపోయిన గోరు బండిలోంచి ఏరి పారేసి, తర్వాతి మజిలీకి పరుగు.

ఇదంతా ఏళ్ల తరబడి అలవాటే, దీనికి ఏడవడం లేదు. ఈసారి నాలుగో మజిలీలో ఆవిణ్ని ఆపేశారు. ఈ పోటీల్లో మజిలీ మజిలీకీ కాటా మీద నిలబెడతారు. మొదలెట్టినప్పటికన్నా మూడు కిలోలు తగ్గితే ఇక పరుగు లేదు, చేతికి కట్టిన పోటీ పట్టీ కత్తిరించేస్తారు. నొలీన్‌ది కత్తిరించారు. ఇంటికొచ్చి షెడ్డు తలుపు తన్నింది, మడతబందు ఊడొచ్చింది. మళ్లీ బిగించింది కూడా నేనే.

ఇప్పుడు డిసెంబర్‌లో జరిగే నూరు మైళ్ల పరుగుకి పేరిచ్చింది. మూడు కొండలు, డిసెంబరంటే మన ఆస్ట్రేలియాలో నడి ఎండాకాలం. వద్దన్నాను. “కారు నడపడం చేతకాకపోతే చెప్పు, ఇంకెవర్నైనా చూసుకుంటా” అంది. తోడు మనిషి లేనిదే ఆ పోటీలో దిగనివ్వరు. నేను మానుకుంటే ఇంకెవడితోనో వెళ్తుంది. వాడికి ఆవిడ సంగతి ఏం తెలుసు?

నీ మాటైతే వింటుంది. మీ అమ్మ పోయాక పెంచినదానివి. “ఈ ఏడాదికి మానెయ్యవే” అని ఒక్క ముక్క రాయి. ఎందుకని నన్ను అడక్కు. మోకాళ్లు అను, వయసైంది అను, ఏదో ఒకటి అను. నేను రాయమన్నానని మాత్రం అనకు.

క్లెమ్


లాంగ్‌ఫర్డ్, టాస్మేనియా
మే 4

క్లెమ్ మరిదికి,

నీ ఉత్తరం గుర్రాల కొట్టంలో నిలబడి చదివాను. పక్కనున్న ముసలి గుర్రం కూడా ఆవలించింది.

ఏమయ్యా, సిగ్గులేదూ నీకు? పరిగెత్తేది అది, కాళ్లు నొప్పులు నీకా? దుంపలు పట్టుకుని నిలబడటానికి ఇంత ఏడుపా? నేను పాతికేళ్లుగా తెల్లారకముందే లేచి గుర్రాల పేడ ఎత్తుతున్నాను. ఇప్పటిదాకా ఏ గుర్రమూ నాకు దండం పెట్టలేదు. నేనెవరికైనా ఉత్తరం రాసి ఏడ్చానా?

మా నాన్న పోయేదాకా పందెపు గుర్రాల్ని తయారుచేశాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల అది. పరిగెత్తే ప్రాణిని ఆపడం మా వంశంలో ఎవరికీ చేతకాదు. పెళ్లినాడే చెప్పాను కదా నీకు, “దీనికి కళ్లెం వెయ్యకు, కొరుకుతుంది” అని. నవ్వావు. ఇప్పుడు నా చేత వేయిద్దామని చూస్తున్నావా?

పైగా “ఎందుకని అడక్కు” అంటావు. అడుగుతాను. ఎందుకు? దాని మోకాళ్లు నాకన్నా బాగున్నాయి. దానికి వయసైందని నేను రాస్తే, దానికన్నా ఎనిమిదేళ్లు పెద్దదాన్ని, నేనేం కావాలి? అసలు కారణం నాకు తెలుసులే. దాని ఫొటో పేపర్లో పడుతుంది, నీది పడదు. కడుపుమంట.

తూకం గొడవ అది నాకు రాసింది. మూడు కిలోల కోసం అంత మనిషిని ఆపేస్తారా! బరువు తక్కువైతే ఏం చెయ్యాలో పందేలు తెలిసినవాళ్లకి తెలుసు. అది అక్కాచెల్లెళ్లం మేం చూసుకుంటాం. నువ్వు బండి నడుపు, చాలు.

గ్లెనిస్


ఓమియో
ఆగస్టు 9

వదినా,

మానెయ్యమని రాయి అంటే “పరిగెత్తవే తల్లీ” అని రాశావు. చాలా సంతోషం. ఆ ఉత్తరం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. పాలకోసం తలుపు తీసినప్పుడల్లా నీ చేతిరాత నన్ను వెక్కిరిస్తోంది.

కడుపుమంటా నాకు? ఈ చలికాలమంతా శని, ఆదివారాలు నాకు లేవు. కొండ మీద మంచు, రోడ్డు మీద మంచు. ఆవిడ పైకి పరిగెడితే నేను కింద బండిలో హీటరు వేసుకుని కూర్చుంటాను. రావాల్సిన వేళకి రాకపోతే టార్చి పట్టుకుని ఎదురెళ్తాను. కనిపించిన వెంటనే “ఎందుకొచ్చావు, నేనేమన్నా తప్పిపోయిన గొర్రెనా” అంటుంది. ఆ మాట వినేదాకా నాకు ఊపిరి ఆడదు, విన్నాక ఒళ్లు మండుతుంది. నా బతుకు ఈ రెంటి మధ్యనే.

ఇల్లు ఇల్లులా లేదు. స్నానాల గదిలో బురద, మంచం మీద మ్యాపులు, భోజనాల బల్ల మీద బూట్లు. మొన్న మా తమ్ముడి పెళ్లిలో కేకు కొయ్యకముందే లేచింది, మర్నాడు పొద్దున్నే కొండెక్కాలట. మా అమ్మ నావంక చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఇక అసలు మాటకొస్తాను. నీకు చెప్పకూడని సంగతి ఒకటుంది. చెప్పనని నొలీన్‌కి మాటిచ్చాను, బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది. అది తెలిస్తే నువ్వే ఓడెక్కి వచ్చి ఆవిడ బూట్లు పొయ్యిలో పెడతావు. ఇంతకన్నా రాయలేను. నన్ను నమ్మి, ఆపు వదినా. నీకు దండం పెడతాను.

నువ్వు పంపిన పార్సెల్ అందింది. ఏముందని అడిగితే “ఆడవాళ్ల సంగతులు, నీకెందుకు” అని లోపలికి లాక్కుపోయింది. పోస్టాఫీసు డారెల్ దాన్ని ఎత్తలేక “మీ వదినగారు ఇనప లోదుస్తులు పంపారా?” అన్నాడు. ఊరంతా నవ్వుతోంది.

క్లెమ్


లాంగ్‌ఫర్డ్
ఆగస్టు 22

క్లెమ్,

దాని పేరేంటి?

చెప్పకూడని సంగతట, మాటిచ్చాడట, ఒట్టు వేశాడట. యాభైకి దగ్గరపడ్డదాన్ని, ఇలాంటి ఉత్తరం అర్థం చేసుకోలేననుకున్నావా? వేరే ఆడదెవరో ఉంది. నొలీన్‌కి తెలిసింది. పరువు కోసం నాకు చెప్పొద్దంది. ఆ బాధ మర్చిపోవడానికి కొండల మీద పడి పరిగెడుతోంది నా పిచ్చిది. నువ్వేమో దానికి తెలియకుండా దాన్ని ఆపమంటావు!

కాదంటే కాదని విడమర్చి రాయి. రాయలేకపోతే ఇంకెప్పుడూ రాయకు. పార్సెల్ గురించి ఆరాలు తియ్యకు. అది మా నాన్న ఆస్తి, దాని వాటా దానికి పంపాను.

గ్లెనిస్


మెల్బోర్న్, ఆసుపత్రి నుంచి
డిసెంబర్ 12

గ్లెనిస్,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నొలీన్ బతికే ఉంది. ముందు అది చదువుకో. మిగతాది కూర్చుని చదువు.

పరుగు రోజు పొద్దుటినుంచే ఎండ మండిపోయింది. మొదటి మజిలీలో బాగానే ఉంది. కాళ్లు నా ఒళ్లో పెట్టలేదు. “మేజోళ్ల సంచీ ఇటివ్వు, నేనే మార్చుకుంటా, నువ్వు అటు తిరుగు” అంది. సిగ్గేమిటి ఇన్నేళ్ల తర్వాత అనుకున్నాను, నా చేతులకి సెలవులే అని ఊరుకున్నాను. రెండో మజిలీలో తూకం వేస్తే బయల్దేరినప్పుడు ఎంతుందో అంతే ఉంది. డాక్టరమ్మ “శభాష్, ఇలాగే నీళ్లు తాగుతూ ఉండు” అంది. మూడో మజిలీలో కూడా అంతే. నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా? ఈ మనిషికి ఇప్పటికి బుద్ధొచ్చింది, నీళ్లు తాగుతోంది అనుకున్నాను. వెధవని.

నాలుగో మజిలీ వాగు పక్కన. మధ్యాహ్నం. కొండ దిగుతుంటే చూశాను, అప్పుడే పుట్టిన దూడలా అడుగు వేస్తోంది. పెదాలు తెల్లగా పగిలిపోయాయి. ఒంటి మీద చెమట చుక్క లేదు, చారలు కట్టిన ఉప్పుంది. అలాగే వెళ్లి కాటా ఎక్కింది. బరువు మొదటికన్నా ఎక్కువ చూపించింది! డాక్టరమ్మ ముల్లు వంక చూసింది, మొహం వంక చూసింది, మళ్లీ ముల్లు వంక చూసింది. “నువ్వు నీళ్లు మరీ ఎక్కువ తాగేస్తున్నట్టున్నావు, కాస్త తగ్గించు” అంది.

తగ్గించమంది, గ్లెనిస్. ఎండిపోయిన మనిషిని నీళ్లు తాగొద్దంది. ఆవిడ తప్పు కాదు, కాటా చెప్పింది నమ్మింది.

బండి దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. “నాన్నా, గుర్రానికి నీళ్లు పెట్టావా?” అని అడిగింది నన్ను. సీసా నింపుదామని నడుముకున్న సంచీ విప్పాను. చేతిలోంచి జారి నా పాదం మీద పడింది. బొటనవేలు చితికింది. జిప్పు తీసి చూస్తే సీసపు పలకలు. జీను కింద తోలు అరల్లో పెట్టేవి. ఒక్కోదాని మీదా మీ నాన్న కొట్టించుకున్న లాడం గుర్తు. మజిలీ మజిలీకీ మేజోళ్ల సంచీలోంచి ఇంకొన్ని తీసి నడుము సంచీలో పెట్టుకుంటూ వచ్చింది. ఆ సంచీని మజిలీ నుంచి మజిలీకి జాగ్రత్తగా మోసుకొచ్చింది నేను.

నా చెయ్యి పట్టుకుంది. కాలిపోతున్న చెయ్యి. “మళ్లీ కట్టు క్లెమ్. ఎవరికీ చెప్పకు. ఇంకెంతో లేదు” అంది. అప్పుడు మాత్రం నన్ను గుర్తుపట్టింది.

ఆ పలకలు తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. నొలీన్ చూస్తూనే ఉంది. మిగతా పరుగువాళ్లు, వాళ్ల తోడువాళ్లు, టీ పోసే ముసలమ్మలు, అందరూ చూస్తున్నారు. “చాడీకోరు” అంది నొలీన్. అరవను కూడా లేదు. ఆ మాట అని పక్కకి ఒరిగిపోయింది. హెలికాప్టర్లో తెచ్చారు.

ఇక నేను దాచిన సంగతి. వేరే ఆడది లేదు, నీ బొంద. ఈస్టర్ పరుగు తర్వాత నొలీన్‌కి మూత్రం నల్ల టీ రంగులో పడింది. ఆసుపత్రిలో ఉంచారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇంకోసారి ఒళ్లు అలా ఎండిపోతే అవి మళ్లీ పనిచేస్తాయని చెప్పలేం అన్నారు. “అక్కకి తెలిస్తే బెంగపెట్టుకుంటుంది” అని నా చేత ఒట్టు వేయించుకుంది. నేను నోరు మూసుకున్నాను. నువ్వు మాత్రం నోరు మూసుకుని సీసం పంపావు. అది గుర్రప్పందెం తూకం కాదు! ఒంట్లో నీళ్లెన్ని పోయాయో చూడటానికి పెట్టిన కాటా అది. మనిషి చచ్చిపోకుండా కాపాడటానికి ఉన్నది అదొక్కటే. దాని నోరు నొక్కావు. అదీ చాలక, ఎండిపోతున్న మనిషి చేత సీసం మోయిస్తూ కొండలెక్కించావు.

ఇప్పుడు ఆవిడ మూత్రపిండాలు పనిచేయడం లేదు. మంచం పక్కన మెషీను పెట్టారు. రక్తమంతా గొట్టాల్లోంచి అందులోకి పోయి వస్తోంది. నేను ఆ గొట్టాల వంకే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఇక్కడికి రాకు. వస్తే ఏమంటానో నాకే తెలియదు.

క్లెమ్


లాంగ్‌ఫర్డ్
డిసెంబర్ 16

క్లెమ్,

రావద్దనడానికి నువ్వెవడివి? మా అమ్మ పోయిన రోజు అది నా చంకలో ఉంది. అప్పటికి నువ్వెక్కడున్నావు?

ఆసుపత్రికి రోజూ ఫోను చేస్తున్నాను. రక్తసంబంధమని చెబితే నర్సు చెబుతోంది. ఇవాళ మూత్రం కొద్దిగా పడిందట. ఆ మాట విని కొట్టంలో నేల మీద కూలబడ్డాను. లేచాక నీకు రాస్తున్నాను. రాకపోవడానికి కారణం నువ్వు కాదు. “అక్కని రావొద్దనండి, నన్నిలా చూడొద్దు” అని నొలీనే నర్సు చేత చెప్పించింది. లేకపోతే ఈపాటికి నీ గొంతు మీద కూర్చునేదాన్ని.

సీసం పంపాను. అవును. మా ఇంట్లో సీసం అంటే మోసం కాదు, తెలుసుకో. గుర్రమెక్కే జాకీ తేలిగ్గా ఉంటే జీను కింద సీసం పెట్టి తూకం సరిచేస్తారు. అందరి ముందూ పెడతారు. పెట్టకుండా పరిగెత్తిస్తేనే మోసం! నాన్న ఆ పలకల్ని ఆదివారం ఆదివారం గుడ్డతో తుడిచేవాడు. “బరువు తక్కువైతే ఆపేస్తున్నారక్కా, నాన్న పలకలు పంపు” అని అది రాస్తే నేనేమనుకుంటాను? తక్కువ బరువున్నవాళ్లకి లాభమని ఆపేస్తున్నారు కాబోలనుకున్నాను. ఒంట్లో నీళ్ల సంగతి నాకెవరు చెప్పారు? దానికి తెలుసు, చెప్పలేదు. నీకు తెలుసు, చెప్పలేదు. మొగుడూ పెళ్లాలు కలిసి నన్ను గాడిదని చేసి, ఇప్పుడు గాడిద తన్నిందని ఏడుస్తావా?

ఎన్ని ఉత్తరాలు రాశావయ్యా! దుంపల గురించి రాశావు. లెమనేడు గిలకొట్టడం గురించి రాశావు. మడతబందు గురించి రాశావు. “నీ చెల్లెలి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి” అని ఒక్క ముక్క రాయడానికి నీ కలం విరిగిందా? రాసుంటే ఆ పలకల్ని నదిలో గిరాటేసి, మరుసటి ఓడలో వచ్చి మీ గుమ్మంలో కూర్చునేదాన్ని. ఒట్టట, ఒట్టు! నీ ఒట్టు దాని ప్రాణం కన్నా ఎక్కువైంది.

ఇంకొకటి. ఆపావు, సరే. ఆపాల్సిందే. కానీ అందరి ముందా? డాక్టరమ్మని పక్కకి పిలిచి చెవిలో చెప్పడానికి ఏమొచ్చింది? మన వైపు గొర్రెల దొంగతో కూర్చునైనా బీరు తాగుతారు కానీ చాడీకోరుతో తాగరు. అది జన్మలో నిన్ను క్షమించదు. నేనూ క్షమించను, నా సంగతి వేరే.

గ్లెనిస్


ఓమియో
జనవరి 29, 1995

వదినా,

వదినా అనే రాస్తున్నాను. కోపం తగ్గి కాదు, వేరే పిలుపు అలవాటు లేక.

నువ్వు రాసినదాంట్లో ఒక్కటి మాత్రం నిజం. అవును, ఒక్క ముక్క రాసుండాల్సింది. రాయలేదు. దాని గురించి నువ్వు నన్ను తిట్టినదానికన్నా నేనే ఎక్కువ తిట్టుకున్నాను. ఇక ఆ మాట మళ్లీ ఎత్తకు.

నొలీన్ ఇంటికొచ్చి మూడు వారాలైంది. మెషీను తీసేశారు. మూత్రపిండాలు సగం పనిచేస్తున్నాయట, జాగ్రత్తగా ఉంటే ఆ సగంతో ముసలిదయ్యేదాకా బతకొచ్చట. నడవొచ్చు, కాస్త పరిగెత్తొచ్చు కూడా. మజిలీల పరుగులు మాత్రం ఇక లేవు. ఇంకొక్కసారి ఇలా అయితే మెషీనే గతి, మెషీను కూడా కాపాడుతుందని చెప్పలేమన్నారు. డాక్టరు ఈ మాట చెబుతుంటే నొలీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నాతో మాట్లాడటం లేదు. కుక్కతో మాట్లాడుతుంది. “ఉప్పెక్కడుందో అడగరా” అంటుంది కుక్కతో. నేను ఉప్పు జరుపుతాను. ఊళ్లోవాళ్లు కూడా అంతంతమాత్రమే. పబ్బులో నేను కూర్చుంటే పక్కవాడు గ్లాసు తీసుకుని లేచిపోయాడు. ట్రాక్టరు బాగుచేయించుకోవడానికి మాత్రం నేనే కావాలి వెధవలకి.

నాకు కోపం ఎవరి మీదో చెప్పనా? అందరి మీదా. నీ మీద, ఆవిడ మీద, ఆ కొండల మీద. ఆ పరుగంటే నాకు అసహ్యమని నువ్వు అనుకుంటావు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నీకు రాయలేదు కానీ, పొద్దున్నే ఆవిడ చెట్ల మధ్యలోంచి ఊడిపడేటప్పుడు మొహం చూడాలి నువ్వు. ఇంట్లో అలాంటి మొహం ఉండదు. అది చూడటానికే వెళ్లేవాణ్ని. నన్ను తిడితే తిట్టనీ, బూటుతో కొడితే కొట్టనీ అనుకునేవాణ్ని. నాకు దక్కేది అదే, అదీ పోయింది. నా చేతులతోనే పోగొట్టుకున్నాను. మళ్లీ పోగొట్టుకోమన్నా పోగొట్టుకుంటాను.

ఎల్లుండి ఓడెక్కి నీ దగ్గరికి వస్తోంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేదు. చొక్కాలన్నీ పెట్టెలో సర్దింది, కోటు కూడా. నేను ఆపలేదు. నీ దగ్గరైతే నవ్వుతుందేమో. నేను పక్కన ఉంటే అన్నం కూడా సరిగా తినడం లేదు.

ఒకటే అడుగుతాను. మళ్లీ పోటీకి పేరిస్తుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు. నిన్ను తోడు రమ్మంటుంది. వెళ్లకు. ఆవిడ ఏడ్చినా, తిట్టినా, కాళ్లు పట్టుకున్నా వెళ్లకు.

క్లెమ్


లాంగ్‌ఫర్డ్
మార్చి 17

క్లెమ్ మరిదికి,

నువ్వన్నట్టే జరిగింది. ఆ మాట రాయడానికి నాకెంత మంటగా ఉందో చెప్పలేను.

వచ్చిన కొత్తలో బాగానే ఉంది. గుర్రాలకి మేత వేసేది, నాతో పోట్లాడేది, కడుపునిండా తినేది. నీ పేరెత్తితే మాత్రం లేచి వెళ్లిపోయేది. చెల్లెల్ని బాగుచేశానని నేను ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఒకరోజు గడ్డి మోపు వెనకాల కొత్త బూట్లు కనిపించాయి. అడిగితే దాచలేదు. పడమటి తీరంలో ఏప్రిల్‌లో పరుగుందట. మా నాన్న ఇంటిపేరుతో పేరిచ్చిందట, అక్కడివాళ్లు గుర్తుపట్టరని.

“నాకు తోడు మనిషి కావాలి అక్కా” అంది.

“పిచ్చి పట్టిందా నీకు? సగం మూత్రపిండాలతోనా?”

“ఈసారి నీళ్లు తాగుతాను. సీసం వద్దు, ఏమీ వద్దు. నువ్వొచ్చి నిలబడు చాలు. నువ్వు కూడా కాదంటే నాకింకెవరున్నారు?”

ఆ మొహం చూసి కాదనడం నా వల్ల కాలేదు. సరేనన్నాను. అవును, సరేనన్నాను! చిన్నప్పట్నించీ దానికి కాదని చెప్పి ఎరగను. నన్ను వాటేసుకుని గంతులేసింది. మర్నాడు అది గుర్రాన్ని నడిపించడానికి నది ఒడ్డుకి వెళ్లగానే, ఆ పోటీ పెట్టేవాళ్లకి ఫోను చేసి అంతా చెప్పేశాను. అసలు పేరు, ఆసుపత్రి, సీసం, అన్నీ. నా పేరు బయటికి రానివ్వొద్దని బతిమాలాను. నీలాగా బజార్లో పెట్టకుండా, దాని పరువు పోకుండా, మర్యాదగా పని చక్కబెట్టానని ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

నా పేరు వాళ్లు చెప్పలేదు. దానికి చెప్పాల్సిన పనేముంది? ఆ సంగతి తెలిసినది ఈ దీవిలో నేనొక్కదాన్నే.

నిన్న పోటీవాళ్లు దానికి ఫోను చేసి పేరు కొట్టేశామన్నారు. ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చింది. “నువ్వేనా?” అంది. “నేనే” అన్నాను. చాడీకోరు అంటుందని చూశాను. ఆ మాటకి సిద్ధపడే ఉన్నాను. అనలేదు. లోపలికెళ్లి పెట్టె తీసింది. వెంటపడి అరిచాను, “ఎక్కడికే? ఏ కొండ మీద పడి చావడానికే?” అని.

“క్లెమ్ దగ్గరికి.”

పెట్టె పట్టుకుని ఆపబోయాను. “వాడే కదే నిన్ను అందరి ముందూ...”

“అవునక్కా, అందరి ముందూ చెప్పాడు. నేను వద్దంటుంటే, నా మొహం చూస్తూ చెప్పాడు. నువ్వు నాకు సరేనన్నావు. నన్ను వాటేసుకున్నావు. తర్వాత నేను లేనప్పుడు చూసి ఫోను ఎత్తావు.”

అంత కోపంలో కూడా గొంతు పెంచలేదు. పెంచితే నేనూ పెంచేదాన్ని. చొక్కా మడతపెడుతూ చెప్పింది, పిల్లకి లెక్క నేర్పినట్టు.

కాబట్టి గెలిచావు మరిదీ. సంబరపడకు. నీతో తియ్యగా మాట్లాడుతుందని ఆశలు పెట్టుకోకు, కుక్కతోనే మొదలెడుతుంది. నీమీద నాకున్న కోపం నాకుంది, చచ్చేదాకా ఉంటుంది. నామీద దానికున్నది ఎన్నాళ్లుంటుందో తెలియదు. నిన్నటినుంచి ఏడుస్తున్నాను. బాధతో కాదు, ఒళ్లు మండి.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. దాని చేతికే ఇస్తున్నాను, కవరు అంటించకుండా. ఓడలో తెరుస్తుంది. దాని సంగతి నాకు తెలియదా?

నొలీన్, ఇక్కడిదాకా చదివే ఉంటావు. మళ్లీ పేరిచ్చావంటే మళ్లీ చెప్తానే. ఈసారి నువ్వు పక్కనుండగానే ఫోను ఎత్తుతాను.

గ్లెనిస్